మొలతాటి తాళంచెవి

బెంగళూరు కాటన్‌పేటలో లైనింగు గుడ్డల హోల్‌సేల్ అంగడి, దాని వెనకే ఇల్లు, అంగట్లోకి తెరుచుకునే గది. పగలు పదకొండు గంటలు. కిటికీకి నల్లగుడ్డ కొట్టి ఉంది. చీకట్లో మొగుడూ పెళ్ళాం, సుబ్బరాయుడు, రత్నమ్మ.

"తలుపు మూసినావా?"

"మూసినా."

"కింద సందులోంచి వెలుతురు వస్తాండాది చూడు. ఆ గోనెపట్టా సరిగ్గా తొయ్యి."

"తోసినా గదండీ. వెలుతురు లేదు, ఏమీ లేదు. అంతా మీ బ్రమ."

"బ్రమంట బ్రమ! మందు ఉండేది నా ఒంట్లో, నీ ఒంట్లో కాదు. ఒక్క గీత ఎండ పడితే చాలు, తోలు ఉడికిపోతాదని డాక్టరు చెప్పలేదా? ఎన్ని దినాలని చెప్పినాడు?"

"పదైదు."

"ఈపొద్దుకి ఎన్ని?"

"పదకొండు."

"ఆ. ఇంక నాలుగు. ఈ నాలుగు దినాలు నువ్వు కొంచెం బుద్ధిగా ఉంటే నేను బతికినట్లే. ఏం తెచ్చినావు?"

"గంజి. చేయి చాచండి. వేడిగా ఉండాది, రెండు చేతుల్తో పట్టుకోండి."

"ఏం గంజి?"

"రాగి గంజి."

"మళ్ళీ రాగి! మొగుడు అంత పెద్ద వైద్యం చేయించుకోని వచ్చినాడు, ఒక సేమ్యా పాయసం పెడదాం, ఒక ఇడ్లీ పెడదాం అని లేదు. ముప్పై ఏండ్లు నీకు చెప్పి చెప్పి నాకే బేజారు."

"తాగండి. మాత్ర వేసుకోవల్ల."

"తెల్లదా?"

"తెల్లదే."

"సొన్నప్ప అడిగినాడా నన్ను?"

"అడగకుండా ఉంటాడా. ఇన్నేండ్ల గుమాస్తా, అంగడి తీస్తానే అడుగుతాడు. అదేం వైద్యమమ్మా, చీకట్లో పెట్టేది, అని."

"ఏం చెప్పినావు?"

"నాకేం తెలుసు చెప్పేదానికి."

"నీకు తెలీదులే. నీకెట్ల తెలుస్తాది? విను. ఇంకొకరు అడిగితే బెప్ప మాదిరి నోరు తెరుచుకోని నిలబడకుండా చెప్పు. టార్చి మీద అరచేయి పెడితే ఏమైతాది?"

"ఎర్రగా కనపడతాది."

"అంతే. అంత లోతుకే పోతాది మామూలు వెలుతురు. నా గడ్డ యాడుండాది? కడుపు వెనకాల, వెన్నెముకకు ఆనుకోని. ఆడికి యా వెలుతురు పోతాది? పోదు. అందుకని ఇంకొక వెలుతురు ఉండాదంట, కంటికి కనపడనిది. అది తోలు దాటుకోని లోతుకు పోతాది. కానీ దాన్తో మందు మేలుకోదు. వింటాండావా?"

"వింటాండా."

"అప్పుడేం చేసినారు? సన్ననూక తయారు చేసినారు. ఎంత సన్నం? ఒక వెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలికంత. దానికి మందు అంటించి గడ్డలోకి ఎక్కిస్తారు. పైనుంచి కనపడని వెలుతురు వేస్తారు. అది పోయి నూకకి తగుల్తానే, నూక దాన్ని కనపడే వెలుతురుగా మార్చేస్తాది. మందు మేలుకుంటాది. గడ్డని లోపల్లోపలే కాల్చేస్తాది. కత్తి లేదు, కోత లేదు."

"కడుపుకి చిల్లు పెట్టినారు గదా మరి. కుట్లు ఉండాయి."

"అది కెమెరాకే! చెప్తాంటే వినవు, మధ్యలో అడ్డం వస్తావు. కెమెరా పెట్టి చూసుకోని ఎక్కిస్తారు, గుడ్డిగా ఎక్కిస్తారా?"

"అంతేలెండి. చూసుకోని ఎక్కిస్తారు."

"నూక అంటని మందు కొంచెం నెత్తుర్లో తిరుగుతాంటాది. తోలు కిందికొస్తాది. బయటికి పోతే ఎండకి ఆడ గూడా మేలుకుంటాది. అప్పుడు గడ్డకి పట్టిన గతి నా మొహానికి పడతాది. అందుకే ఈ చీకటి. అర్థమైనాదా?"

"అయింది."

"పన్నెండు మందికే ఇస్తారంట ముందు. నా మాదిరి పన్నెండు మందిని ఏరుకున్నారు. ఎంతమంది కాళ్ళా వేళ్ళా పడినారో. నన్ను తీసుకున్నారు. నాకు తెలస్తాండాది రత్నా, పని చేస్తాండాది. లోపల చిమచిమ అంటాది, అప్పుడప్పుడు. నూకలు మేలుకునేది అదే."

"చిమచిమ అంటాదా?"

"అంటాది. పోయిన నెల నొప్పికి నేను ఎట్ల అరిచినా? ఈ వీధి చివర దాకా వినపడె. ఇప్పుడు ఏదీ నొప్పి?"

"ఆ మాత్ర వేసుకుంటాండారు గదా."

"మాత్రతో పోయే నొప్పా అది! నీ మొహం. ఎవరిదది? ఫోన్ మోగతాండాది. వెలుతురు! ఫోన్ వెలుతురు! కప్పెట్టు!"

"కొంగు కప్పినా, అరవద్దండి. ఆ, చెప్పమ్మా అర్చనా... బాగుండారు... తింటాండారు... లేదమ్మా, ఇంకా లేదు... చెప్తా... తెలుసమ్మా, నేనే చెప్తా అంటి గదా... సోమవారమా? ఇంటికా? రండి... ఆ మాత్రలు ఇంక నాలుగే ఉండాయి, ఎక్కువ తెచ్చి పెట్టు తల్లీ... ఉంటా."

"నర్సు పిల్లేనా?"

"ఆ పిల్లే."

"ఏం చెప్పమంటాండాది నాకు?"

"ఎండలోకి రావద్దని చెప్పమంటాది. ఇంకేముంటాది."

"మంచి పిల్ల. ఆ నెల్లూరు మాటలే గాని, పని బాగా చేస్తాది. నాకు నయమైనాక దానికొక చీర పెట్టు. జరీ చీర వద్దు, మామూలుది చాలు. భరత్ రాలేదా?"

"వైట్‌ఫీల్డ్ నుంచి మూడు తూర్లు వచ్చినాడు. అంగట్లోనే ఆపి పంపించినా."

"ఎందుకు పంపించినావు? లోపలికి రానీకుంటే ఎట్ల, వాడు నా కొడుకు."

"వాడి చేతిలో ఎప్పుడూ ఆ ఫోన్ వెలుగుతాంటాది. మీరే గదా వెలుతురు అంటే కుయ్యో మొర్రో అనేది."

"అదీ నిజమే. సరే, సరే. నాలుగు దినాలు. ఎవరదీ తలుపు దగ్గర?"

"అమ్మా, నేను, సొన్నప్పని. సావుకారుని ఒక తూరి చూసి పోదామని."

"వద్దు సొన్నప్పా. తలుపు తీసేదానికి లేదు."

"తీయొద్దమ్మా, ఈడ్నుంచే పలకరిస్తా. సావుకారూ, ఎట్లుండారు?"

"బాగుండా సొన్నప్పా! నాలుగు దినాల్లో వచ్చి గల్లా దగ్గర కూచుంటా. ఆ సూరత్ లోడు దించినారా?"

"దించినాం సావుకారూ. అమ్మా..."

"ఏంది సొన్నప్పా?"

"మీరు ఆ పొద్దు నన్ను అడిగినారు గదా. నేను చెప్పకుండా ఉంటే బాగుండె అని మూడు రాత్రులు నిద్ర లేదమ్మా నాకు."

"నువ్వు అంగట్లోకి పో సొన్నప్పా."

"పోతాండా అమ్మా."

"ఏం అడిగినావు వాడ్ని?"

"ఏం లేదు. అంగడి సంగతి."

"అంగడి సంగతికి వాడికెందుకు నిద్ర పట్టకుండా పోయేది? నా వెనకాల ఏం గలాటా చేస్తాండావు? ఉండు. నా తాళంచెవి యాడ?"

"ఏ తాళంచెవి?"

"మొలతాటిది! ఇదిగో, నడుముకి మొలతాడే లేదు. పదకొండు దినాలు నేను చూసుకోనే లేదు, మత్తులో, చీకట్లో. ఏదది?"

"ఆపరేషన్‌కి తీసుకోని పోయేటప్పుడు ఒంటి మీద ఇనుము ఉండగూడదని మొలతాడు కత్తిరించినారు. ఆ అర్చనే ప్లాస్టిక్ కవర్లో వేసి నా చేతికిచ్చినాది. 'ఆంటీ, అంకుల్ తాళంచెవి జాగ్రత్త' అని."

"నీ చేతికా?"

"మరి ఎవరి చేతికిస్తారు? పెండ్లాన్ని నేనే గదా."

"ఇటియ్యి."

"ఇస్తా."

"ఇప్పుడే ఇయ్యి."

"ఇస్తా గదా అంటాండా. ముప్పై ఏండ్లు స్నానానికి పోయినా తీయలేదు మీరు దాన్ని. పండుకున్నా తీయలేదు. గల్లాపెట్టె తాళం సొన్నప్ప చేతిలో పెడతారు, ఇంటి తాళం వాకిట్లో చిలక్కొయ్యకి తగిలిస్తారు, ఇది మాత్రం నడుముకే. ఏముంటాదో అనుకుంటా ఉంటి."

"సొరుగు తీసినావా?"

"మీ ఆధార్ కాపీ అడిగినారు ఆసుపత్రిలో. మీరు లోపల మత్తులో ఉండారు. ఎవర్ని అడగల్ల? ఆటో ఎక్కి ఇంటికొచ్చినా. గల్లాపెట్టె కింది సొరుగు తీసినా."

"ఆధార్ దొరికినాదా?"

"దొరికింది. దాని కింద వరూధిని దొరికింది."

"ఏం దొరికింది?"

"మన బిడ్డ."

"ఫోటోనా? ఒక ఫోటో ఉంటాది దాంట్లో. దసరాది. నేనే పెట్టుకున్నా."

"ఫోటో కాదు. కాగితం. స్కానింగ్ కాగితం. దాని పేరు, దాని వయసు, ఇరవై మూడు."

"పాత కాగితాలు రత్నా అవి. ఆసుపత్రిలో ఇచ్చినవి అన్నీ దాంట్లోనే వేసినా. బిడ్డవి పారేయలేక. నువ్వు చూస్తే ఏడుస్తావని తాళం వేసినా."

"నాకు ఇంగ్లీషు రాదు. అంకెలు వస్తాయి."

"అంకెలేంది?"

"తేదీ. జనవరి ఆరు."

"తప్పు పడి ఉంటాది. ఆ స్కానింగోళ్ళు..."

"దాని పెండ్లి ఎప్పుడు?"

"ఇప్పుడు ఆ పెండ్లి ఎందుకు?"

"పెండ్లి ఎప్పుడు చేసినాం మనం?"

"మేలో."

"మే పద్నాలుగు. గడ్డ అని నాకు చెప్పింది జూన్ ఆఖర్లో. చిక్కబళ్ళాపురం అత్తగారింటి నుంచి దాన్ని తోలుకోని వచ్చి, 'ఇప్పుడే తెలిసినాది రత్నా, కడుపులో గడ్డంట' అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చినారు మీరు. నేను మిమ్మల్ని ఓదార్చినా. గుర్తుండాదా?"

"కాగితం నా చేతికి లేటుగా వచ్చినాది."

"ఎప్పుడొచ్చినాది?"

"గుర్తు లేదు. పదకొండేండ్ల మాట."

"సొన్నప్పకి గుర్తుండాది. వాడే దాన్ని స్కానింగుకి తోలుకోని పోయినాడు. సాయంత్రమే కాగితం తెచ్చి మీ చేతిలో పెట్టినాడు. 'అమ్మకి చెప్పొద్దు సొన్నప్పా, నేను చెప్తా' అన్నారంట మీరు."

"వాడు ముసలోడు! వాడికి నిన్న తిన్నది గుర్తుండదు!"

"అర్చన చేత చదివించినా. 'ఎవరిది ఆంటీ ఇది? వెంటనే ఆపరేషన్ చేయాలని రాశారు, అప్పుడు చేసుంటే...' అని నోరు మూసుకున్నాది ఆ పిల్ల. చేసుంటే ఏమై ఉంటాదో నేను అడగలేదు. మీరు చెప్పండి."

"ఏం చెప్పల్ల? ఏందే, జబ్బు మనిషిని పట్టుకోని కోర్టు పెట్టినావు! నాకు నయం కానీ. వెలుతుర్లోకి వచ్చినాక మాట్లాడుకుందాం."

"వెలుతుర్లోకి వస్తారా? సరే, ఇప్పుడే రండి. నా చేయి గొళ్ళెం మీద ఉండాది."

"ఏయ్! రత్నా!"

"బయట ఎండ బాగుండాది. అంగట్లోంచి నేరుగా ఈడికే పడతాది ఈ టైముకి."

"నీకు పిచ్చి పట్టినాదా? చర్మం ఉడికిపోతాది! కండ్లు పోతాయి! మొగుణ్ణి చంపుతావా?"

"జనవరి ఆరు నుంచి జూన్ దాకా ఏం చేసినావు నువ్వు?"

"నువ్వా? నన్ను నువ్వంటావా?"

"నువ్వు, నువ్వు, నువ్వు! ముప్పైఆరేండ్లు మీరు, మీరు అని నోరు అరిగిపోయినాది. చెప్పు. గొళ్ళెం తీస్తాండా."

"చెప్తా! చెప్తా ఉండు! చేయి తియ్యి ముందు."

"ముందు చెప్పు."

"తాంబూలాలు మార్చేసుకోని ఉంటిమి. సత్రానికి చెప్పేసి ఉంటిమి. చిక్కబళ్ళాపురమోళ్ళు ఎట్లాటోళ్ళో నీకు తెలీదా? కడుపులో గడ్డంటే ఆ మాపే ఒద్దంటారు. ఆ తర్వాత ఎవరు చేసుకుంటారు దాన్ని?"

"బతికి ఉంటే చేసుకునేవాళ్ళు ఎవరన్నా. చేసుకోకుంటే నా దగ్గర ఉండేది."

"నాలుగు నెల్లే గదా అనుకుంటి! నాలుగు నెల్లల్లో ఏమైతాది, పెండ్లి అయినాక చేయిద్దాం అనుకుంటి."

"ఎవరు చేయించేది? మనమా?"

"ముందు ఆ తలుపు దగ్గర్నుంచి ఇటు రా."

"గొళ్ళెం సగం వచ్చినాది. వినపడినాదా చప్పుడు?"

"వాళ్ళు! వాళ్ళే చేయిస్తారు అనుకున్నా! పెండ్లయితే వాళ్ళింటి పిల్ల, వాళ్ళే చూసుకుంటారు అనుకున్నా. చాలునా? ఇంక వెయ్యి గొళ్ళెం."

"గ్యాసు అని చెప్పినావు నాకు."

"చెప్పినా."

"డాక్టరే చెప్పినాడంటివి. గ్యాసు, ఏమీ లేదు, పెండ్లి బయం అని. అది పొట్ట పట్టుకోని వస్తే నేను జీలకర్ర కషాయం పోసినా. నాలుగు నెల్లు పోసినా. తాగను అంటే ముక్కు మూసి పోసినా."

"నీకు తెలీదు గదా రత్నా. నీ తప్పు లేదు."

"పీటల మీద వంగిపోయి కూచున్నాది. నిటారుగా కూచోవే, జనం చూస్తాండారు అని తొడ గిల్లినా. నెత్తురు గడ్డ కట్టేట్లు గిల్లినా. ఆ తర్వాత అది పోయినాక స్నానం చేయించినాను గదా నేనే. ఎప్పటిదో ఆ మచ్చ పోయే ఉంటాది. అయినా ఆడే చూసినా నేను."

"ఏడవొద్దు."

"ఏడ్చేది లేదు. ఏడ్చేది అయిపోయినాది, సొరుగు తీసిన రోజే. 'నాకు తెలుసు, తెలిసీ దాచినా' అని చెప్పు. ఒక తూరి నీ నోటితో చెప్పు."

"చెప్పినా గదా."

"ఆ మాట చెప్పు."

"నాకు తెలుసు. తెలిసీ దాచినా. సంతోషమా?"

"ఇంకొకటి అడుగుతా. అన్నీ తెలిసి, నాలుగు నెల్లు దాని మొహం ఎట్ల చూసినావు?"

"ఎట్ల చూసేదేంది? దానికి తెలీదు గదా. నవ్వుతాండె. చీరలు ఏరుకుంటాండె. ఎర్రది కావాల్ల నాయనా అనె. సంతోషంగానే ఉండె రత్నా. తెలీనోళ్ళకి బాధ ఉండదు. తెలిసి మోసేవాడికే బాధ. నువ్వు నన్ను రాక్షసుణ్ణి మాదిరి మాట్లాడతాండావు గాని, ఆ బరువు నేనొక్కణ్ణే మోసినా."

"నిజమే. తెలీకుంటే మనిషి సంతోషంగానే ఉంటాడు. పదకొండు దినాల్నుంచి చూస్తాండా నేను."

"ఏం చూస్తాండావు?"

"చిమచిమ అంటాది అంటివి గదా."

"రత్నా, నువ్వు ఆ గొళ్ళెం... ఏయ్! ఏయ్, తలుపు! మూయి! అమ్మా! కాలతాండాది, అయ్యో కాలతాండాది! సొన్నప్పా! చంపేస్తాండాది రా ఇది! దుప్పటి, దుప్పటి కప్పు నా మీద!"

"యాడ కాలతాండాది?"

"మొహం! చేతులు!"

"కండ్లు తెరిచి చూసుకో."

"నా వల్ల కాదు! మూయి తల్లీ, నీకు దండం పెడతా!"

"చూసుకో నీ చేయి. ఎండలో పెట్టి పట్టుకున్నా నేను. చూడు."

"ఏది... కాలలేదే?"

"కాలలేదు."

"వేడిగా ఉండాది అంతే. మామూలు ఎండ మాదిరే ఉండాది. రత్నా! కాలలేదు!"

"ఆ."

"అయితే మందు ముందే దిగిపోయినట్లే గదా! పదైదు దినాలని వాళ్ళు ఊరికే భద్రానికి చెప్తారు, పని ముందే అయిపోయి ఉంటాది. గడ్డ కాలిపోయినాది రత్నా! నేను చెప్పలేదా, నాకు తెలస్తాండాదని! నవ్వతాండావా? నువ్వూ భలే దానివి, ఎంత బెదిరిస్తివి నన్ను. డాక్టరు ముందే ఏమన్నా రాసిచ్చినాడా నీకు?"

"రాసిచ్చినాడు. కెమెరా పెట్టి చూసిన రోజే. కడుపంతా పాకిపోయినాది, నూకలు ఎక్కించకుండానే కుట్టేసినాం, ఆయనకు మెల్లగా చెప్పండి అని కాగితం నా చేతిలో పెట్టినాడు. కింది సొరుగులో ఉండాది, వరూధిని కాగితం పైన. ఇదిగో తాళంచెవి."